అక్క పాట, బావ పాట

నాలుగు మాటలు చెబితే చాలు, పాట కట్టి, బాణీ కూర్చి, వాయిద్యాలతో సహా పాడి వినిపించే యాప్ ఒకటి నా ఫోన్‌లోకి వచ్చాక, దాని మీద అభిప్రాయం లేని మనిషి నాకు కనబడలేదు. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసులకు పాఠాలు చెబుతాను. పళ్లు తోముకోవడం మీద, చేతులు కడుక్కోవడం మీద పిల్లలకు పాటలు కావాల్సి వచ్చి దాన్ని వాడటం మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో తెలుగు సార్ ఒక పాట విని మొహం పక్కకు తిప్పుకుని, "ప్రాణం లేదమ్మా ఇందులో" అన్నారు. ప్రాణం ఉన్న పాటలో అది ఎక్కడుంటుందో చూపించండి సార్ అని అడిగితే, చాయ్ చల్లారిపోతోందని దాని మీద పడ్డారు. లెక్కల మేడమ్ మాత్రం కూతురి పుట్టినరోజుకు నాతో ఒక పాట చేయించుకుని, విని, అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చింది. పుట్టినరోజు పాటకు ఏడుపెందుకని అడిగితే తనకూ తెలియదంది.

నాకు ఇద్దరి మాటా నమ్మకంగానే అనిపించింది. అభిప్రాయం పెట్టుకోవడం కంటే ఆరా తీయడం నాకు అలవాటు. ఎవరైనా ఒక మాట గట్టిగా అంటే "అదెట్లా?" అని అడగకుండా ఉండలేను. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో నన్ను "ఎంక్వైరీ" అనే పిలుస్తారు. ఆ యాప్ గురించి నేను అసలు ఆలోచించాల్సి వచ్చింది మాత్రం స్టాఫ్ రూములో కాదు, మొన్నటి పంచాయతీ ఎన్నికలప్పుడు మా అక్క వాళ్ల ఊళ్లో.

ఆ ఊరు హసన్‌పర్తి దాటి కొంత లోపలికి ఉంటుంది. బావ అక్కడ పత్తి, వరి పండిస్తాడు. ఊళ్లో ఎవరికి ఆపదొచ్చినా ముందు పరుగెత్తేది ఆయనే, పరుగెత్తిన సంగతి నలుగురికీ చెప్పేదీ ఆయనే. సర్పంచ్ కావాలని చాలా ఏళ్లుగా ఆయన కోరిక. పెళ్లిళ్లకు పోయినా, చావులకు పోయినా ఆ కోరికను వెంటబెట్టుకునే పోయేవాడు. తీరా ఈసారి ఊరు మహిళా రిజర్వు అయింది. ఆ కబురు తెలిసిన పూట బావ అన్నం తినలేదని అక్క చెప్పింది. మర్నాడు తేరుకుని, అక్కను నిలబెట్టాలని నిర్ణయించాడు. అక్కను ఎవరూ అడగలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతుంటే వచ్చి, రేపటికి ఆధార్ కార్డు తీసి పెట్టమని చెప్పారట.

ముందే చెప్పేస్తున్నాను, అక్క ఓడిపోయింది. గెలుస్తుందా లేదా అని మీకు ఫికర్ అక్కర్లేదు. పాతికేళ్ల కాపురంలో మా అక్క "నాకిది కావాలె" అనగా నేను విన్నది ఒక్కసారే, అదీ ఒక పాట గురించి. ఆ పాట ఆమెకు దక్కుతుందా లేదా అన్నదే నాకు పట్టుకుంది.

అక్క పేరు ఇక్కడ రాయడం లేదు. రాయనా అని అడిగితే, "మైకుల ఇన్నరు, చాలదా? పుస్తకంల ఎందుకే" అంది. బావ పేరు కూడా అందుకే రాయడం లేదు. ఆయన మాత్రం రాయమన్నాడు.

నామినేషన్లు అయిపోయి గుర్తులు వచ్చిన రోజు సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "మరదలా, నీ ఫోన్ల పాటలు అస్తయట కదా. మీ అక్కకు ఒకటి చెయ్యాలె. అందరికి ఉన్నయి, మనకే లేదు." గుర్తేమిటని అడిగాను. ముందు ఒక దగ్గు దగ్గాడు. తర్వాత, "చాయ్ జల్లెడ" అన్నాడు. నేను నవ్వాను. మరదలిని కాబట్టి నవ్వొచ్చు. "నవ్వకు పిల్లా, అవతలోళ్లది బెండకాయ" అని ఆయనే నవ్వాడు.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కనబడింది. అందులో బావ నిలువెత్తు ఫొటో, రెండు చేతులూ జోడించి, తెల్ల చొక్కాతో. పక్కన గుండ్రటి గీతలో అక్క మొహం, ఆధార్ కార్డులోంచి తీసింది. ఆ ఫొటోలో ఎవరైనా దొంగల్లాగే కనిపిస్తారు, మా అక్క కూడా అంతే. ఎన్నికల్లో నిలబడ్డది ఎవరో కొత్తవాళ్లకు చెప్తే తప్ప తెలియదు. నాకు కోపం వచ్చింది. కానీ బావ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి, నాకోసం నాటుకోడి కోయించానని చెబితే ఆ కోపాన్ని కాసేపు పక్కన పెట్టాను.

మధ్యాహ్నం తిన్నాక బావ ప్రచారానికి పోయాడు. పెరట్లో అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. పాటలో ఏముండాలో నువ్వే చెప్పు, అది విని రాసుకుంటుంది అని ఫోన్ ఆమె ముందు పెట్టాను. మొదట సిగ్గుపడింది. తర్వాత, నేనెవరితోనో మాట్లాడుతున్నట్టు నటించి అటు తిరిగితే, మెల్లగా మొదలుపెట్టింది.

ఆమె చెప్పినవి నేను అంతకు ముందు వినలేదు. నల్లా నీళ్లు ఆడవాళ్లు పత్తి ఏరడానికి పోయిన వేళకే వస్తాయని, వచ్చేసరికి బంద్ అవుతాయని చెప్పింది. బడి పక్కన మురుగు మోరీ నిండి పిల్లలు దాని మీంచి దుంకుతున్నారంది. బస్టాండ్ దగ్గర ఆడవాళ్లు ఒంటికి పోవడానికి జాగా లేదని, నర్సంపేట నుంచి వచ్చే చుట్టాలు ఊళ్లో దిగగానే ముందు అదే అడుగుతారని, తనకు తలకొట్టేసినట్టు ఉంటుందని చెప్పింది. నేను ఆగలేక, "ఇవన్నీ బావ చెప్పమన్నడా?" అని అడిగాను.

"ఆయనకేమెరుక? ఆయన ఎన్నడన్న బిందె పట్టుకొని నల్లా కాడికి అచ్చిండా?" అని ఈనె తీసి పారేసింది.

మధ్యమధ్యలో బావ ప్రస్తావన తెచ్చింది. "మా ఇంటాయన", "ఆయన", "మా పిల్లల నాయన" అంటూ. పేరు చెప్పలేదు. అక్క బావ పేరు పలకదు. మా అమ్మ కూడా నాన్న పేరు పలికేది కాదు. నా పెళ్లయ్యాక నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంటే విని, అక్క చెవులు మూసుకునేది, నవ్వుతూనే. దవాఖానలో చీటీ రాసేవాళ్లు భర్త పేరు అడిగితే పక్కనున్న మనిషి వంక చూస్తుంది. నామినేషన్ రోజున కూడా అధికారి అడిగితే బావ వంక చూసిందట. బావే గట్టిగా చెప్పాడట, అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా. ఇది మా ఇళ్లలో ఎంత మామూలు సంగతంటే, ఆ పూట ఫోన్ ముందు కూడా అదే జరుగుతోందని నాకు తట్టనేలేదు.

అక్క చెప్పిందంతా యాప్‌కిచ్చి, జానపదం బాణీలో కావాలని అడిగి బటన్ నొక్కాను. కాసేపటికి పాట వచ్చింది.

ఆడగొంతు. పడుచు పిల్లది కాదు, పిల్లల్ని పెంచిన మనిషి గొంతు, కొంచెం జీర ఉంది. ముందు ఒక రాగం తీసింది, వెంటనే అక్క పేరు పిలిచింది. పల్లవి చివర మళ్లీ పిలిచింది. నల్లా సంగతి, మోరీ సంగతి, బస్టాండ్ సంగతి అన్నీ చరణాల్లో వచ్చాయి. జల్లెడను కూడా వదల్లేదు, అవినీతిని పైననే ఆపే జల్లెడ అని పాడింది. నేను దానికి నవ్వుతున్నాను. అక్క నవ్వడం లేదు. ఆమె చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"ఎవలే పాడింది?"

"ఎవ్వలు పాడలేదక్కా. అది మిషనే."

"ఎవ్వలు కాకుంటే నా పేరు ఎట్ల ఎరుక?"

"నువ్వే చెప్పినవ్ కదా ఇంతకు ముందే."

అక్క ఫోన్‌ను కొంచెం దగ్గరికి జరుపుకుంది. "మంచిగ పిలిచిందే" అంది. పాడింది అనలేదు. తర్వాత, "మల్ల పెట్టు" అంది.

మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టమంది. అప్పుడు నేను లెక్క వేసుకున్నాను, ఈ ఊళ్లో మా అక్కను పేరు పెట్టి పిలిచేది ఎవరని. అత్తగారికి ఆమె పెద్దకోడలు. మరుదులకు వదినె. వాడకట్టు పిల్లలకు పెద్దమ్మ. మిగతా ఊరికి ఫలానా వాళ్ల కోడలు. బావకైతే "ఇగో", లేకపోతే "ఇంటున్నవా". పేరు వినబడేది బ్యాంకులో, దవాఖానలో, అదీ ఇంటిపేరుతో కలిపి, ఏదో తప్పు చేసినట్టు గద్దించి. మా అమ్మ పోయాక ఆ పేరును ప్రేమగా అన్నవాళ్లు లేరు. నేనూ అక్కా అనే అంటాను కదా. ఈ గొంతు ఎవరిదో ఏమో, వరుస ఏదీ కలపకుండా నేరుగా పేరు పెట్టి పిలిచింది. అక్క నా మొహం చూడకుండా చిక్కుడుకాయల బుట్ట దగ్గరికి లాక్కుని నేనూ ఈనెలు తీశాను.

సాయంత్రం బావ వచ్చాడు, వెంట ఇద్దరు ముగ్గురు మనుషులతో. వాకిట్లో మంచాలు వేశారు. పక్కింటి అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఊళ్లో పెళ్లికైనా చావుకైనా డప్పు కొట్టే కాక కూడా ఉన్నాడు, రేపటి ఊరేగింపు మాట్లాడుకోవడానికి వచ్చాడు. నేను పాట పెట్టాను. బావ మంచం పట్టె మీద వేళ్లతో దరువు వేశాడు. జల్లెడ మాట వచ్చినప్పుడు "వారెవ్వా" అన్నాడు. పాట అయిపోయింది. బావ ఇంకా దేనికో ఎదురుచూస్తున్నట్టు ఫోన్ వంకే చూశాడు.

"అయిపోయిందా? నా పేరేది?"

అప్పుడు తెలిసింది నాకు. పాటలో బావ లేడు. ఆడమనిషి నిలబడితే పాటలో భర్త పేరు ముందుంటుందని, ఫలానా అన్న బాటలో మన అక్క అని మొదలవుతుందని మా దగ్గర పుట్టిన ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ యాప్‌కు ఆ సంగతి తెలియదు. అక్క ఆయన పేరు చెప్పలేదు, అది రాయలేదు. మొగుడి మీద ఉన్న గౌరవమే మొగుణ్ణి పాటలోంచి తీసేసింది. నేను ఆపుకోలేక నవ్వాను. "అక్కకు నీ మీద మర్యాద ఎక్కువైంది బావా, అందుకే నీకు పాటల జాగ దొరకలే" అన్నాను. కాక కూడా నవ్వాడు. బావ నవ్వబోయి ఆగిపోయాడు.

ఆయన మొహం చూసే ధైర్యం లేక నేను కాక వైపు తిరిగాను. పాట ఎట్లుందని అడిగాను. ఆయన గడ్డం గీరుకుని, "దరువు మంచిగనే ఉన్నది బిడ్డా. ఎక్కడ తప్పుతలేదు. గదే నాకు సమజైతలేదు. మనిషి కొడితే నడుమ చెయ్యి నొస్తది, జర మెల్లగైతది, మల్ల ఊపందుకుంటది. దీనికి చెయ్యి నొయ్యదా?" అన్నాడు.

"అంటే బాగలేదా కాకా?"

"బాగలేదని ఎవలన్నరు? ఊకెనే అడుగుతాన."

గోడ దగ్గర అవ్వ కల్పించుకుంది. "ఆ పాడిన పిల్ల ఎవలి బిడ్డ?" ఎవరి బిడ్డా కాదు, మిషన్ పాడింది అని చెప్పాను. "తల్లి లేకుంట గొంతు ఎట్లస్తదే?" అని అవ్వ నన్ను తిట్టినంత పని చేసింది. నాకు తెలిసినంతలో చెప్పాను. ఎక్కడెక్కడో ఎందరో పాడిన పాటలు అది విన్నదని, విని నేర్చుకున్నదని. అయితే ఆ పాడినవాళ్లకు చెప్పే విన్నదా అని కాక అడిగాడు. చెప్పలేదనే అనుకుంటానన్నాను. నీళ్లు పట్టుకునే చోట, నాట్లు వేసే చోట పాడుకున్న ఏ ఆడమనిషి జీర ఆ గొంతులో ఉందో అని నాకు అప్పటి నుంచి ఒక ఆలోచన పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

బావ మాత్రం పట్టు వదల్లేదు. పేరు పెట్టాల్సిందే అన్నాడు. సరే అని ఈసారి ఆయన పేరు, ఇంటిపేరు, చేసిన పనులు అన్నీ నేనే రాసి ఇచ్చాను. కొత్త పాట వచ్చింది. మగగొంతు, సినిమాలో హీరో వచ్చేటప్పుడు మోగే వాయిద్యాలు. బావ పేరు ప్రతి చరణంలో ఉంది. అక్క పేరు చివర్లో ఒకసారి వచ్చి పోయింది. బావ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, తన పేరు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని, మళ్లీ మళ్లీ విన్నాడు. ఆ తర్వాత అక్క వంక చూసి, ఆమె తల వంచుకోవడం గమనించి, కొంచెం మెత్తబడ్డాడు.

"గా మొదటి పాటలనే నా పేరు ఏడన్న కలుపరాదు మరదలా?"

"కలవదు బావా. మల్ల అడిగితే మల్ల కొత్తగ పాడుతది."

"అయితే గా ఆడమనిషినే పిలిచి పాడుమను."

"ఆమె లేదు బావా."

"గప్పుడే యాడికి పోయింది?"

ఆయన హాస్యానికి అనలేదు. నేను ప్రయత్నించాను కూడా. అవే మాటలు ఇచ్చాను, జీర గొంతు కావాలని రాశాను, ఆడగొంతులు ఎన్నో వచ్చాయి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా, ఒకటి సిటీ పిల్లలా. ఆ గొంతు మాత్రం మళ్లీ రాలేదు. ఆ ఒక్క పాట కోసం వచ్చి, అక్క పేరు పిలిచి వెళ్లిపోయిన మనిషిలా ఉంది వ్యవహారం. నాకు కొద్దిగా భయం వేసింది. ఎందుకో మా లెక్కల మేడమ్ గుర్తొచ్చింది.

మర్నాడు ఊరేగింపు. నేను స్కూలుకు సెలవు పెట్టి ఉండిపోయాను. పొద్దున నల్లా దగ్గర అక్కతో పాటు నిలబడ్డాను. నల్లా ఆ రోజు ఎందుకో వేళకు వచ్చింది, ఎన్నికలు కదా. బిందె నిండుతుండగా అక్క తల ఎత్తకుండా, "నాకు మొదటి పాటనే కావాలె" అంది.

"బావకు చెప్పు."

"ఎట్ల చెప్పాలె? ఊరంత తిరిగి, ఇన్నేండ్లు చెప్పులు అరగదీసుకున్నది ఆయన. నేను నా పేరే ఉండాలంటే నవ్వుతరే."

"నేను చెప్తా. నాకేం భయం?" నిజంగానే నాకు ఒళ్లు మండుతోంది. ఆధార్ ఫొటో నుంచి మొదలుపెట్టి అన్నీ కడిగేద్దామని చీర కుచ్చిళ్లు కూడా దోపుకున్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్తే అది నీ మాటైతది. నాది కాదు." అంతే అంది. బిందె ఎత్తుకుని పోయింది. నేను ఖాళీ చేతులతో ఆమె వెనకాల నడిచాను.

ఎండ ఎక్కేసరికి ఇంటి ముందు మనుషులు చేరారు. మైకు కట్టిన ఆటో వచ్చింది. ఆటో నడిపే అతను హసన్‌పర్తి వైపు ముస్లిం కుర్రాడు, పెళ్లాం పిల్లలున్నవాడే అయినా మొహంలో ఇంకా మీసం కుదురుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ల ప్రచారాలన్నీ తిరుగుతున్నాడట. నా అలవాటు కొద్దీ ఈ పాటల మీద నీ అభిప్రాయం ఏమిటని అడిగాను. "అన్ని ఊర్లల గివే పాటలు మేడమ్. గుర్తు మారుతది, పేరు మారుతది. గొంతులన్ని అక్కచెల్లెండ్ల లెక్కనే ఉంటయి. నాకైతే చెవులు పోయినయి" అన్నాడు. జనం వింటున్నారా అంటే, "వాళ్ల వాళ్ల పేరు వస్తే జర ఆగి వింటరు. లేకుంటే ఎవలు వింటరు?" అన్నాడు. అని, నేను పాటలెక్కించి ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టుకుని, "రెండు పాటలున్నయి అన్నా, ఏది పెట్టాలె?" అని బావను అడిగాడు.

"రెండోది" అన్నాడు బావ. మైకు చేతిలోకి తీసుకుని, ఊది, హలో హలో అన్నాడు. పాటకు ముందు నాలుగు మాటలు మాట్లాడటం ఆయన పద్ధతి.

అక్క ముందుకు వచ్చి చెయ్యి చాపింది. బావకు అర్థం కాలేదు. దండ వేయించుకోవడానికి వచ్చిందనుకుని పక్కకు జరిగాడు. అక్క చెయ్యి అట్లాగే చాపి ఉంచింది. ఆయన మైకు ఇచ్చాడు. అంతమంది ముందు ఇవ్వను అనలేక ఇచ్చాడేమో, నాకు తెలియదు.

"అందరికి దండాలు" అంది అక్క. మైకులో తన గొంతు వినబడి తనే అదిరిపడింది. కొంగు సర్దుకుంది. తర్వాత తన పేరు చెప్పింది. ఒక్క గుక్క ఆగింది. ఆగి, బావ ఇంటిపేరు, పేరు, రెండూ కలిపి, విడమరిచి, స్పష్టంగా పలికి, "ఆయన భార్యను" అంది.

గోడ దగ్గర అవ్వ "ఓ అవ్వా" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆడవాళ్లలో ఒక గుసగుస లేచింది. కాక డప్పు కర్ర గాలిలో ఆపాడు. మా అక్క నోట ఆ పేరు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

"ఆయన పేరు నేను చెప్పిన. అందరు ఇన్నరు కదా. ఇగ పాటల చెప్పుడు అవసరం లేదు" అంది అక్క. ఆటో వైపు తిరిగి, "మొదటి పాట పెట్టు తమ్మీ" అంది.

ఆ కుర్రాడు బావ మొహం వంక చూశాడు. బావ అతని వంక చూడటం లేదు. అక్కనే చూస్తున్నాడు, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. కుర్రాడు కాసేపు చూసి మొదటి పాట పెట్టాడు. జీర గొంతు అక్క పేరు పిలుస్తూ వీధిలోకి వచ్చింది, కాక డప్పు అందుకున్నాడు, అందరం కదిలాం.

ఊరంతా తిరిగాం. గడప గడపకూ బొట్టు పెట్టించుకుంటూ అక్క ముందు నడిచింది. కొందరు ఆడవాళ్లు ఆమెను కోడలా అనకుండా పేరు పెట్టి పలకరించి, అట్లా పలకరించినందుకు వాళ్లే నవ్వుకున్నారు. బావ ఆ రోజు మైకు మళ్లీ ముట్టలేదు. చేతులు జోడించడం కూడా మరిచిపోయాడు. బడి దాటాక, మనుషులు కొంచెం పలచబడ్డ చోట, నడక తగ్గించి అక్క పక్కకు వచ్చాడు. నేను వాళ్ల వెనకాలే ఉన్నాను. గొంతు తగ్గించి అన్నాడు గానీ నాకు వినబడింది.

"ఇంకోపారి అను."

"ఏంది?"

"గదే. నా పేరు."

అక్క మొహం ఎర్రబడింది. "సిగ్గులేదా నడి బజార్ల" అంది. "నీ మరదలి ఫోన్ల ఉన్నది కదా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు అంటది. పెట్టుకొని ఇను పో."

నేను ఊరుకుంటానా, వెంటనే ఫోన్ తీసి, "పెట్టాల్నా బావా?" అన్నాను.

బావ తల అడ్డంగా ఊపాడు. "అద్దు మరదలా. అది అంటే నాకేమైతది?" అన్నాడు. ముందు రోజు సాయంత్రం అదే ఫోన్ చెవికి ఆనించుకుని మురిసిపోయిన మనిషి.

అక్క మళ్లీ అనలేదు. ఇప్పటికీ అనలేదట. బావే చెప్పాడు మొన్న, ఫోన్ చేసి, మీ అక్కను ఒక్కసారి నువ్వన్నా అడిగి చూడరాదా అని.